ప్రత్తిదేశముల వ్యాజ్యము
(ఒక సభయందు చేసిన యుపన్యాసము)



నేను వకీలును. బీదవాని దావా యెట్లు నడచునో నిత్యము చూచుచుందును. న్యాయము వానిపక్షముననే యుండవచ్చును గాని వాయిదాలకు తాళగల శక్తి వానికుండదు. 1995లో నేర్పడిన ప్రపంచ వాణిజ్యసంస్థయెదుట మిక్కిలి వెనుకబడిన దేశముల స్థితియు నిట్టిదే.

ఆఫ్రికాలోని బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి యను నాలుగు దేశములు 2003లో నా సంస్థకొక యర్జీ పెట్టుకొనినవి. ఈ దేశములలో లక్షలాది రైతులకు ప్రత్తియే జీవనాధారము. వారు దానము వేడలేదు. అమెరికా మొదలగు ధనికరాజ్యములు తమ ప్రత్తిరైతులకు సర్కారు సొమ్ము పోయుటచే ధర పడిపోవుచున్నది. దాని నెత్తివేయుడు, ఎత్తివేయువరకు మా నష్టము నిచ్చుకొనుడు అనిరి. ఆ జూన్ మాసమున బుర్కినా ఫాసో యధ్యక్షుడు కంపావొరే స్వయముగా జెనీవాకు పోయి వాదించెను. నూరు కోరికలు కోరక యొక్క సరకును పట్టుకొని నలువురు నేకమై నిలుచుట మంచి వకీలు చేయు పని.

సెప్టెంబరులో మెక్సికో దేశపు కాన్కూన్ నగరమున మంత్రులసభ జరిగెను. అచటి చిత్తుప్రతిలో వచ్చిన సమాధానము వినుడు: ప్రత్తిపై నాధారపడిన దేశములు తమ వృత్తులను విస్తరించుకొనుటకై యున్న నిధులను మరల్చవలెనట! అనగా వేరుపైరు వేసికొనుడని. గట్టుతగవుతో వచ్చిన రైతును పొలమమ్ముకొమ్మనినట్లున్నది. పెట్టుబడులు మొదలగు క్రొత్తవిషయముల చర్చకు ఆఫ్రికాదేశము లొప్పుకొనకపోగా సభ భగ్నమయ్యెను. అచట తీర్మానమునకు సర్వసమ్మతి కావలెను గనుక, కాదనుటయే బీదవాని యాయుధము.

2005లో హాంగ్‌కాంగ్ సభయందు, ప్రత్తి యెగుమతికిచ్చు సహాయమును ధనికదేశములు 2006లో నాపవలెనని నిర్ణయమైనది. స్వదేశపు రైతులకిచ్చు సహాయమే యసలు తగవు. అది నేటికిని తెగలేదు. ఆ సభయందే, వెనుకబడిన దేశముల సరకులలో నూటికి 97 రకములకైనను సుంకముండదనిరి. వినుటకింపుగా నున్నది. కాని యా దేశములమ్మునవి కొలదిరకములే. వానిలో ముఖ్యమైన వానిని మిగిలిన మూడింటిలో దాచుకొనవచ్చును. దస్తావేజును మినహాయింపులనుండి చదువవలెనని మా వృత్తిలో పెద్దలు చెప్పుదురు.

ఇక వివాదసభకు పోరాదా యందురేమో. అమెరికా ప్రత్తి సహాయముపై బ్రెజిలు 2002లో వ్యాజ్యము తెచ్చి గెలిచెను. బెనిన్, చాద్‌లు మూడవపక్షముగా కూర్చుండినవి. 2014లో రాజీపడి అమెరికా 30 కోట్ల డాలర్లిచ్చినది. అది బ్రెజిలు ప్రత్తిసంస్థకు.

మిక్కిలి వెనుకబడిన దేశములలో వాదిగా నిలిచినది బంగ్లాదేశమొక్కటే. 2004లో తన బ్యాటరీలపై వేసిన సుంకమునుగూర్చి ఫిర్యాదు చేసెను. ప్రతివాది అమెరికా కాదు, ఐరోపా కాదు. బీదదేశముల పక్షమున నుపన్యసించు మనమే! 2005 జనవరిలో మన ప్రభుత్వమా సుంకము నెత్తివేసెను. మరుసటియేడు రాజీపత్రము దాఖలయ్యెను.