పెళ్ళి కేసెట్లు – విడివిడిగా చేసి, ఒకటిగా కూర్చుకోవడం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కరువుభత్యం గురించి మాట్లాడేవారు మనలో చాలామంది ఉన్నారు గనుక, ఇంట్లో వీడియోల గురించి చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు.

మన ఇళ్ళలో బీరువా మీద ఒక అట్టపెట్టె ఉంటుంది. అమ్మాయి పెళ్ళి, మనవడి అన్నప్రాశన, షష్టిపూర్తి, అన్నీ అందులోని వి.హెచ్.ఎస్. కేసెట్లలోనే. వాటికి బూజు పడుతోంది. ఆడించే వి.సి.ఆర్.ల తయారీ 2016 జూలైలో జపాను ఫునాయ్ కంపెనీతో ఆగిపోయింది. కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చే స్టూడియోలు ఇంకా ఉన్నాయి, ఆలస్యం చేయకండి. ఎక్కించిన తర్వాత ఏం చేయాలన్నదే నా విషయం.

మా ఇంట్లో 14 కేసెట్లు, 9 మినీ డి.వి. టేపులు, వెరసి ముప్పై గంటల పైచిలుకు. మినీ డి.వి. గంటకు సుమారు 13 జి.బి. స్థలం తింటుంది. ఇదంతా ఒకే ప్రాజెక్టుగా పెట్టుకుంటే వందల ముక్కలు పడి కంప్యూటరు నత్తనడక నడుస్తుంది. అంతకంటే కష్టం, పని ఎక్కడిదాకా వచ్చిందో మనకే తెలియదు. ఆఫీసులో ఫైలు లావెక్కితే ఏం చేసేవాళ్ళం? విషయాన్ని బట్టి విడి ఫైళ్ళు తెరిచి, అసలు ఫైలుకు జత చేసేవాళ్ళం. ఇక్కడా అంతే.

నేను వాడేది షాట్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. స్నాతకం ఒక ప్రాజెక్టు, తలంబ్రాలు ఒకటి, అప్పగింతలు ఒకటి. ఏదీ ఇరవై నిమిషాలకు మించనివ్వను. తర్వాత ఖాళీగా ఒక పెద్ద ప్రాజెక్టు తెరిచి, ఫైల్ మెనూలో ‘ఓపెన్ ఎం.ఎల్.టి. ఎక్స్.ఎం.ఎల్. యాజ్ క్లిప్’ అన్నదానితో చిన్నవాటిని తెచ్చి వరుసగా పేరుస్తాను. తలంబ్రాలంతా అక్కడ ఒక్క ముక్కగా కనబడుతుంది. ప్రాజెక్టు ఫైలులో బొమ్మ ఉండదు. ఫలానా కేసెట్టులో ఫలానా నిమిషం నుంచి ఫలానా నిమిషం దాకా అన్న ఉత్తర్వులే ఉంటాయి, మన నోట్ ఫైలు మాదిరి. అందుకే చిన్నదాంట్లో రంగు సరిచేసి సేవ్ చేస్తే, పెద్దది మళ్ళీ తెరిచినప్పుడు ఆ మార్పు అక్కడా ఉంటుంది. నిడివి మారితే మాత్రం ఆ ముక్కను తీసి మళ్ళీ పెట్టుకోవడం మంచిది.

చిన్నవీ పెద్దదీ అన్నీ ఒకే వీడియో మోడ్‌లో ఉండాలి. మన దేశపు పాల్ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన కెమెరాలలో ఇంచుమించు 30. ఆ టేపును కూడా 25 బొమ్మల ప్రాజెక్టులోనే వేస్తే సాఫ్ట్‌వేరే సర్దుకుంటుంది. ఇక అన్నిటినీ ఒకే ఫోల్డరులో ఉంచండి. మధ్యలో ఒక ఫైలును వేరేచోటికి మార్చారా, రికార్డు రూములో కట్ట మారినట్టే.

పూర్తయిన ప్రతి చిన్నదానికీ విడిగా ఒక ఎం.పి.4 తీసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తాను. ఫ్యాట్32 పద్ధతి పెన్‌డ్రైవ్‌లలో 4 జి.బి. దాటిన ఫైలు ఎక్కదు గనుక చిన్నవే నయం. ఆ ఎం.పి.4లనే మళ్ళీ అతికి పెద్దది చేయకండి. జిరాక్సుకు జిరాక్సు తీసినట్టు మసకబారుతుంది.

దేనితో మొదలుపెట్టాలని అడుగుతారు. తేదీ వరుస అక్కరలేదు, వరుస పెద్ద ప్రాజెక్టులో ఎప్పుడైనా మార్చుకోవచ్చు. మా అమ్మ 1998లో పోయింది. ఆమె గొంతు మిగిలింది 1994లో మా అమ్మాయి పెళ్ళి కేసెట్టులో ఒక్కచోట. ఆ రోజుల్లో మిక్సింగ్ పేరుతో పెళ్ళంతా సినిమా పాటలు నింపేవారు, హృదయం ఆకారంలో వధూవరులను తిప్పేవారు. పురోహితుడి మంత్రం కూడా వినబడదు. అప్పగింతల దగ్గర ఒక పాట అయిపోయి ఇంకొకటి అందుకునేలోగా పదకొండు సెకన్లు ఖాళీ. అందులో మా అమ్మ, “పిల్ల పొద్దుటి నుంచీ ఏమీ తినలేదర్రా” అంటుంది. నేను ముందు పూర్తి చేసింది ఆ అప్పగింతలే.

తర్వాత చేసినవి మా అక్కయ్యకు చూపించవలసినవి. ఆవిడకు 84. భోజనాల బంతిలో కూర్చున్నవాళ్ళ పేర్లు మా కుటుంబంలో ఇక ఆవిడ ఒక్కతే చెప్పగలదు. ఒక్కో ముక్క పట్టుకెళ్ళి చూపించి, చెప్పిన పేర్లు రాసుకుని, తెర కింద అక్షరాలుగా వేస్తున్నాను. ముప్పై గంటలూ పూర్తయ్యాక చూపిద్దామంటే కుదిరే పని కాదు.

నాకూ 76 నిండాయి. అందుచేత పర్సనల్ రిజిస్టరు పద్ధతిలో ఒక నోటుపుస్తకం పెట్టాను. ప్రాజెక్టు పేరు, కేసెట్టు నంబరు, అయిందా లేదా, పేర్లు ఎక్కాయా లేదా, ఇవే గళ్ళు. మొత్తం 41 ప్రాజెక్టులలో 26 ముగిశాయి, 15 పెండింగు. పుస్తకం ఎక్కడుంటుందో మా మనవరాలికి చెప్పాను. రెండు ముక్కలు తనే చేసింది, నాకంటే శుభ్రంగా.

నేర్చుకోదలచినవారు శనివారం సాయంత్రం సంఘ కార్యాలయానికి రండి. కేసెట్లు కాదు, ఎక్కించిన ఫైళ్ళు తెండి. పిల్లలు వెంట ఉంటే మరీ మంచిది.