ఎండుగడ్డి మేయు పశువునకు నత్రజని
(చెన్నేకొత్తపల్లి ప్రాంతపు రైతుల కొఱకు ఉపన్యాసము)



గడ్డివామి తఱుగకుండగనే వేసవిలో పశువు చిక్కిపోవుట ఈ ప్రాంతమున ఎల్లరు ఎఱిగిన సంగతియే. పొట్ట నిండుగనే యుండును, ప్రక్కటెముకలు లెక్కింపవచ్చును. పేడ గట్టిపడును, గాటిలో మేత మిగులును. దీనిని రోగమని తలచి మందులకై తిరుగువారు కలరు. పలుమాఱు లోపము గడ్డి కొలతయందు గాక, దానిలోని నత్రజనియందు ఉండును.

ఆవు, ఎద్దు, గొఱ్ఱె, మేక తమంతట తాము పీచును అరిగించుకొనజాలవు. పెద్దపొట్టలో కంటికగపడని బాక్టీరియాలు లెక్కకు మించి కాపురముండి ఆ పని చేయును. ఇవి గడ్డిపోచకు అంటుకొని సెల్యులేజు మొదలగు ఎంజైములను పుట్టించి పీచును విడగొట్టును. తుదకు తామే జీర్ణమై పశువునకు మాంసకృత్తులగును. ఎంజైము కూడ మాంసకృత్తే, అది నత్రజని లేనిదే తయారుకాదు. పీచును కరగించు బాక్టీరియాలు నత్రజనిని ముఖ్యముగా అమ్మోనియా రూపమున గ్రహించును. పెద్దపొట్టరసము 100 మిల్లీలీటర్లలో 5 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని యున్నచో బాక్టీరియాల వృద్ధికి చాలునని 1974లో అమెరికా శాస్త్రజ్ఞులు శాటరు, స్లైటరు ప్రకటించిరి. ముతక గడ్డికి ఇంకను ఎక్కువ కావలయునని తరువాతి వారు కొందఱు చెప్పిరి.

అమ్మోనియా తగ్గినపుడు బాక్టీరియా ఊరకుండదు. గ్లుటమిన్ సింథటేజను ఎంజైముతో ఉన్న కొంచెమును పట్టుకొనును. కాని అందులకు శక్తి వ్యయమగును. లోతుబావి అడుగునీరు తోడుట వంటిదే ఈ పని: నీరు కొంచెము, శ్రమ మెండు. అదియు చాలనిచో వాని సంతతి పెరుగదు, ఎంజైములు తగ్గును, గడ్డి అరగక పొట్టలోనే నిలుచును, పశువు మేత మానును.

వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లే. మేతలో 7 పాళ్లకు తగ్గినచో బాక్టీరియాలు కుంటుపడును. వేరుశనగ కట్టె దీనికంటె ఎంతో మేలైనది. దానిని కోతయైన వెంటనే మేపివేయక, చొప్పతోను వరిగడ్డితోను కలిపి వేసవివఱకు సాగించుట లాభకరము. వేరుశనగ చెక్క మఱింత బలమైనది. బూజుపట్టినది మాత్రము పనికిరాదు.

చెక్క కొనలేనివారు వరిగడ్డిని యూరియాతో మాగవేయవచ్చును. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని కలదు. 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో బాగుగ కరగించి, 100 కిలోల ఎండుగడ్డిపై పొరపొరగా చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ కప్పి 3 వారములుంచవలెను. అంతట యూరియా అమ్మోనియాగా మాఱి గడ్డిలో చేరును, పీచు మెత్తబడును. మేపుటకు ముందు గంటసేపు ఆరనిచ్చి, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను.

యూరియాను కుడితిలో గాని దాణాలో గాని ఉజ్జాయింపుగా కలుపుట ప్రాణాపాయము. అమ్మోనియా ఒక్కసారిగా నెత్తురులో చేరి, పశువు కడుపుబ్బి, వణకి, కొలది గంటలలోనే చచ్చును. అట్టి గుఱుతులు కనబడినచో తక్షణమే పశువైద్యుని పిలువవలెను. పస్తున్న పశువునకును, 6 నెలలు నిండని దూడకును ఈ గడ్డి పెట్టరాదు. యూరియా బస్తా కొట్టములో ఉంచరాదు. నీరు కలిపిన బానను పని ముగియగనే కడిగి బోర్లింపవలెను.