కంప్యూటరు వేగము – క్యాష్ వేగము



కుందుర్పి ప్రాంతమున వాన కురిసిననే పంట. పంట పండిననే చేతిలో నాలుగు రూకలు. అట్టి వేరుసెనగ డబ్బులతో కొనిన కంప్యూటరు వేగమును ఇంకను హెచ్చించెదనని ఇంటిలోని కుఱ్ఱవాడు పలికినచో, పెద్దలు ఔననవలెనా, కాదనవలెనా? దీనికి బదులు చెప్పుటకు యంత్రము లోపల జరుగు పని కొంత తెలియవలెను. అందు ముఖ్యముగ క్యాష్ అను భాగమును గూర్చి మనవి చేసెదను. ఈ క్యాష్ రొక్కము కాదు. దాచుట యను అర్థముగల ఫ్రెంచి మాటనుండి పుట్టినది.

కల్యాణదుర్గములో ఒక అంగడి యున్నదనుకొనుడు. షావుకారు త్రాసు ముందర కూర్చుండి తూచుచుండును. మాటిమాటికి అమ్ముడుపోవు సరుకు ఆయన చేతికందునట్లు చిన్న డబ్బాలలో నుండును. తక్కినది వెనుక కొట్టులో నుండును. దానిని దెచ్చుటకు పనివాడొకడు కలడు. కొట్టులోను లేనిచో అనంతపురమునుండి తెప్పింపవలసినదే. ప్రాసెసరులో లెక్కలు చేయు కోర్ అను భాగమే ఆ షావుకారు. చేతిదగ్గరి డబ్బాలు మొదటి రెండు అంతస్తుల క్యాష్. అవి కోర్ వేగముతోనే నడచును. వెనుక కొట్టు మూడవ అంతస్తు క్యాష్. అది కోర్లన్నిటికిని ఉమ్మడి. అనంతపురము వంటిది ర్యామ్. కొట్టులోని పనివాని నడకయే మనము చెప్పుకొను క్యాష్ వేగము.

2011లో ఇంటెల్ సంస్థవారు వెలువరించిన రెండవ తరము కోర్ ప్రాసెసర్లలో షావుకారును పనివాడును ఒకే తాళమునకు నడచెడివారు. 2013లో వచ్చిన నాలుగవ తరమున ఈ రెండు వేగములను వేఱుచేసిరి. ఆ తరమునకు చెందిన ఐ7-4770కె అను ప్రాసెసరును చూడుడు. మూలతాళము సెకనుకు 10 కోట్ల స్పందనలు, అనగా 100 మెగాహెర్ట్జులు. దానిని 35 చేత గుణించినచో 350 కోట్లు, అదియే 3.5 గిగాహెర్ట్జులు. గుణకమును 42 చేసినచో 420 కోట్లగును. క్యాష్‌నకును ఇట్టి గుణకమే వేఱొకటి కలదు. కంప్యూటరును వెలిగించునపుడు తెఱువదగు బయాస్ అను అమరికల పుటలో అది క్యాష్ రేషియో, రింగ్ రేషియో, అన్‌కోర్ మొదలగు పేర్లతో కనబడును. ఈ గుణకములు అన్ని యంత్రములలోను మార్చుటకు వీలుపడవు. ప్రాసెసరును, మదర్‌బోర్డును రెండును అందుకు అనుకూలించునవై యుండవలెను.

కోర్ వేగమును హెచ్చించినపుడు క్యాష్ వేగమును దానితో సమముగ హెచ్చింపవలెనా? అక్కఱలేదు. కావలసిన సరుకు చాలవఱకు డబ్బాలలోనే దొరకును గదా! కొట్టునకు పోవు అవసరము తక్కువ. కావున కోర్ వేగమువలన లాభము హెచ్చు. క్యాష్ వేగమువలన స్వల్పము. నష్టము మాత్రము స్వల్పము కాదు. పనివానిని శక్తికి మించి పరుగెత్తించినచో సరుకు జారవిడుచును. లేదా చక్కెరకు బదులు ఉప్పు తెచ్చును. యంత్రమును అట్లే నడుమ నిలిచిపోవును; ఇంతకన్న కీడు, నిలువకయే తప్పు అంకెను వ్రాయును. నిలిచిపోయిన యంత్రము తన దోషమును తానే చాటును. తప్పు అంకె మన పద్దులలో ఎవరికిని తెలియక దాగియుండును.

అందుచేత ఒక క్రమము పాటింపవలెను. మొదట ముఖ్యమైన పత్రములకు నకలు వేఱుచోట నుంచవలెను. పిదప క్యాష్‌ను యథాస్థితిలో నుంచి, కోర్ గుణకమును ఒక్కొక్క మెట్టుగ హెచ్చించుచు, మెట్టు మెట్టునకు బరువైన గణిత పరీక్ష పెట్టవలెను. కోర్ నిలకడ చెందిన తరువాతనే క్యాష్ గుణకమును తాకవలెను. తప్పు కనబడినచో ఒకటి రెండు మెట్లు దిగవలెను. రెండింటిని ఒకేసారి హెచ్చించినచో దోషము షావుకారిదో పనివానిదో తేలదు. కోర్ 42 మీద నుండగా క్యాష్ 38 మీద నున్నను కొఱత యేమియు లేదు.

ఇక వేడి సంగతి. వేగము నిలుచుటకై వోల్టేజిని నూటికి 10 వంతులు హెచ్చించినచో, ఆ కారణముననే విద్యుత్తు ఖర్చును వేడియు సుమారు 21 వంతులు పెరుగును. వేగము పెరిగినందులకు కలుగు వేడి వేఱు. ఫ్యానుతో చల్లబడు ప్రాసెసరు చుట్టునున్న గాలికన్న చల్లగా నుండజాలదు. పుష్యమాసపు రాత్రి 20 డిగ్రీల గాలిలో 70 డిగ్రీలు చూపినది, వైశాఖమున 40 డిగ్రీల గాలిలో అదే పని చేయుచు 90 దాపునకు వచ్చును. పైన చెప్పిన ప్రాసెసరు 100 డిగ్రీలు చేరినచో తన్ను కాపాడుకొనుటకు తానే వేగము తగ్గించుకొనును. అప్పుడు పడిన శ్రమ యంతయు వ్యర్థము. చలికాలపు పరీక్ష మన సీమ యెండలకు సాక్ష్యము కాదు.

కావున పెద్దలు కుఱ్ఱవానిని కసరవలదు. మూడు ప్రశ్నలు మాత్రము అడుగుడు. నాయనా, పత్రములకు నకలు ఉంచితివా? కోర్‌ను, క్యాష్‌ను వేఱువేఱుగ పరీక్షించితివా? మిట్టమధ్యాహ్నపు టెండలో యంత్రమును నడిపి చూచితివా? తయారు చేసినవారి హామీ ఇట్టి మార్పులకు వర్తింపకపోవచ్చునని కూడ వానికి తెలుపుడు. మూడింటికిని ఔనని చెప్పగలిగినచో వానిని సాగనిండు. చెప్పలేనిచో యంత్రమును వచ్చిన వేగముననే నడువనిండు. అంగడికి పేరు తెచ్చునది పనివాని పరుగు కాదు, షావుకారి తూకము.