పాత లారీ, బయోడీజిలు, చలి



ధనుర్మాసపు తెల్లవారుజామున మన ఇండ్లలో కొబ్బరినూనె సీసాలోనే పేరుకొనుట అందరెరిగినదే. సుమారు 24 డిగ్రీలకు దిగువన దాని స్వభావమది. డీజిలు ఇంజనుకు మొక్కల నూనె కొత్తది కాదు; 1900లో పారిస్ ప్రదర్శనమున ఒక ఇంజనును వేరుసెనగనూనెతో నడిపి చూపిరి. అయితే పచ్చినూనె వేరు, బయోడీజిలు వేరు. నూనెను మెథనాలుతోను క్షారముతోను కలిపి, గ్లిజరినును విడదీయగా మిగులునదే బయోడీజిలు.

అదియు చలికి లొంగునదే. ఎంతగా లొంగునన్నది అది ఏ నూనెనుండి పుట్టినదో దానిని బట్టి యుండును. కొబ్బరినూనెది సున్న డిగ్రీల దాపు వరకు తేటగానుండును. పామాయిలుది 15 డిగ్రీల చెంతనే మసకబారి మైనము కట్టును. మన సీమలో ఈ బాధ అంతగా కానరాదు. అంబాజీపేట కాయ వేసికొని పుష్యములో ఉత్తరాదికి పోవు లారీకే అది తెలియును. రాత్రి నిలిపిన బండి ఉదయమున కదలదు. మైనము ఫిల్టరును మూసివేయును, కాయ దిగవలసిన రోజు తప్పును.

పాత బండికి మరియొక చిక్కు కలదు. బయోడీజిలు టాంకులోని ఏండ్లనాటి మడ్డిని కడిగి ఫిల్టరుకు చేర్చును; పాత రబ్బరు గొట్టములను ఉబ్బజేయును. కావున గొట్టములను ముందే మార్చి, రెండుమూడు టాంకులు కాలిన పిమ్మట ఫిల్టరును మార్చవలెను. చలిప్రాంతము చేరకమునుపే ఆ టాంకు కాల్చివేసి, అక్కడ శీతకాలమున అమ్ము డీజిలు పోయించుట మేలు. ఆగిన బండికి ఫిల్టరుపై వేడినీళ్ల గుడ్డ చుట్టిన చాలును. టాంకు క్రింద మంట వేయు నేర్పును మాత్రము నేను మెచ్చను.