సూదులతో చికిత్స: రోగి యెరుగవలసిన సంగతులు

నడుమునొప్పియో, మోకాటినొప్పియో నెలల తరబడి వేధించుచున్నప్పుడు ‘ఒకసారి సూదులు వేయించుకొని చూడరాదా?’ అని ఇరుగుపొరుగువారు చెప్పుట మనము వినుచునే యున్నాము. ఆక్యుపంక్చర్ అను ఈ చికిత్స చీనాదేశమున పుట్టినది. సుమారు రెండువేల యేండ్లనాటి వైద్యగ్రంథములందు దీని ప్రసక్తి కలదు. 1938లో డాక్టర్ కోట్నీస్‌తో కూడ చీనాకు వెళ్లిన వైద్యబృందములోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు, తరువాత మరల అచటికేగి ఈ విద్య నేర్చి, కలకత్తాలో దీనిని ప్రారంభించిరి.

ఈ సూది వెండ్రుకకంటె కొంచెము లావుగా నుండును. దానిలో మందు ఉండదు. చర్మములోనికి గ్రుచ్చి 15 మొదలు 30 నిమిషములవరకు ఉంచెదరు. కొంత బరువు, తిమ్మిరి తోచవచ్చును. దేహములో ప్రాణశక్తి ప్రవహించు మార్గములు కలవని పూర్వపు చీనావైద్యుల సిద్ధాంతము. అట్టి మార్గములు నేటి శరీరశాస్త్రమునకు కానరాలేదు. సూది నరములను ప్రేరేపింపగా, నొప్పి నణచు పదార్థములు మెదడులో వెలువడునని పరిశోధకుల అభిప్రాయము.

ఫలితమెంత? 2007లో వెలువడిన జర్మనీ పరిశోధనయొకటి నడుమునొప్పి గలవారిని మూడు తెగలుగా విభజించినది. శాస్త్రోక్త స్థానములలో సూదులు వేసినవారిలో నూటికి సుమారు 48 మందికి, ఇతర స్థానములలో పైపైన గ్రుచ్చినవారిలో 44 మందికి, మామూలు చికిత్స పొందినవారిలో 27 మందికి గుణమిచ్చినది. కనుక ఉపశమనము నిజమే; కాని అది సరిగా ఆ స్థానమువలననే కలిగినదని చెప్పుటకు వీలులేదు. విశ్వాసమునకు, విశ్రాంతికి, వైద్యుని ఆదరణకు గూడ అందు పాలుండవచ్చును.

ఇక జాగ్రత్తలు. 1984లో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రమున ఒక చికిత్సాలయములో శుచిలేని సూదులవలన 35 మందికి కామెర్లు కలిగించు హెపటైటిస్-బి సోకినది. అందుచేత ప్రతి రోగికి, ప్రతిసారి, క్రొత్త పొట్లమును మన కన్నులయెదుట విప్పుమని నిస్సంకోచముగా అడుగవలెను. రొమ్ముపై లోతుగా గ్రుచ్చినచో ఊపిరితిత్తికి గాయము కావచ్చును. చికిత్స పిదప ఆయాసము కలిగినచో తక్షణమే ఆసుపత్రికి పోవలెను. రక్తము పలుచబరచు మందులు వాడువారు, గర్భిణులు, గుండెకు పేస్‌మేకర్ అమర్చబడినవారు ఆ సంగతిని ముందుగానే తెలుపవలెను. పరగడుపున పోరాదు, కొందరికి సొమ్మసిల్లుట కలదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. నొప్పి వ్యాధి కాదు, వ్యాధికి గుర్తు. వెన్నులో క్షయ యున్నను నడుము నొచ్చును. సూదులతో ఆ నొప్పి తగ్గినచో రోగి సంతోషించును. క్షయ మాత్రము లోలోపల పెరుగుచునే యుండును. కావున మొదట డాక్టరుచే పరీక్ష చేయించుకొని, కారణము తెలిసికొని, పిమ్మటనే సూదులకు పోదము. మధుమేహమునకు, రక్తపోటునకు, క్షయకు వాడుచున్న మందులను ఎవరు చెప్పినను డాక్టరు ననుమతి లేక మానకుందము.