పరీక్ష చేయించుకొందము, ఎవరినీ వెలివేయకుందము

(కొండ ప్రాంత సంఘముల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



గుడులు కట్టినవారి కష్టము, బడులు పెట్టినవారి త్యాగము, ఘాటు రోడ్డు లేని కాలములో కాలినడకన కొండలెక్కి వచ్చిన బోధకుల సంగతులు ఈ శతవార్షిక సంచికలో ఇతరులు వ్రాయుచున్నారు. మేము ఎన్నుకొన్న విషయము వేరు. హెచ్.ఐ.వి. పరీక్షను గూర్చియు, ఆ వ్యాధి ఉన్నవారిని మన మధ్య ఎట్లు చూచుకొనవలెనో దానిని గూర్చియు నాలుగు మాటలు చెప్పదలచితిమి. పండుగనాడు ఈ మాట ఎందుకని కొందరికి తోచవచ్చును. పంక్తిలో కూర్చుండుటకు జంకి గుమ్మమునుండియే మరలిపోవు వారెవరో చూచుట కూడ పండుగ పనియే.

మనకు బాగుగా తెలిసిన కుష్ఠువ్యాధితో మొదలుపెట్టుదము. ఈ తూర్పు కనుమల అడుగున సాలూరులో లెప్రసీ మిషన్ వారి ఫిలదెల్ఫియా ఆసుపత్రి ఉన్నది. అటువంటి ఆసుపత్రులు తలుపు తెరచి యుంచినను, ఒంటిమీద మచ్చ కనబడినవాడు దానిని చొక్కా క్రింద దాచుకొనెడివాడు. ఊరు తెలిసికొన్నచో ఇల్లు విడువవలసి వచ్చునని భయము. దాచిన కొలది చేతులు మొద్దుబారెను, వేళ్లు వంకరపోయెను, పుండ్లు పడెను. 1980 ప్రాంతములలో బహుళ ఔషధ చికిత్స వచ్చినది. ఇప్పుడు ఆరు నెలలు, లేక ఒక సంవత్సరము మందులు వాడినచో కుష్ఠు నయమగుచున్నది. అయినను క్రైస్తవ వివాహములకు వర్తించు 1869 నాటి విడాకుల చట్టములో కుష్ఠును విడాకులకు కారణముగా చూపు మాట 2019 వరకు నిలిచియే యుండెను. ఆ సంవత్సరము పార్లమెంటు దానిని తీసివేసినది. మందు ముందు వచ్చినది, మనసు వెనుక వచ్చినది. ఆ మధ్యకాలములో ఎన్ని కాపురములు కూలిపోయెనో దేవునికే తెలియును. హెచ్.ఐ.వి. విషయములో ఆ ఆలస్యము మరల జరుగకూడదు.

ఈ వ్యాధి మన దేశములో ఉన్నదని మొదట తేలినది 1986లో. మద్రాసులో డాక్టర్ సునీతి సోలోమన్ గారు, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల గారు సేకరించిన రక్తమును వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పరీక్షించి తెలిసికొనిరి. ఆ దినములలో రోగికి చెప్పదగిన మంచి మాట ఏదియు లేదు. నేడు అట్లు కాదు. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము ఏ.ఆర్.టి. మందులు ఉచితముగా ఇచ్చుచున్నది. 2017 నుండి, వ్యాధి ముదురువరకు ఆగకుండ, పరీక్షలో తేలిన ప్రతివారికిని వెంటనే మందు మొదలుపెట్టుచున్నారు. చాలమందికి రోజుకు ఒక్క మాత్ర చాలును. మాత్ర మానకుండ వేసికొన్నవారు పొలము పని చేసికొనుచు, పిల్లలను పెంచుకొనుచు, అందరివలెనే ముసలితనము చూడగలరు.

ఇది పట్టణముల వ్యాధి, మన కొండలకు రాదు అనువారున్నారు. 2021 నాటి అంచనా ప్రకారము దేశములో హెచ్.ఐ.వి. ఉన్నవారు సుమారు 24 లక్షలు. వారిలో 3 లక్షలకు పైగా మన ఆంధ్రప్రదేశ్‌వారే. దేశమంతటి మీద వెయ్యిమంది పెద్దలలో ఇద్దరికి ఉండగా, మన రాష్ట్రములో సుమారు ఏడుగురికి ఉన్నది. కిరండూల్ రైలు అరకు మీదుగానే పోవుచున్నది. మన పిల్లలు కూలికి, చదువుకు, ఉద్యోగమునకు విశాఖపట్నము, హైదరాబాదు, మద్రాసు పోయి వచ్చుచున్నారు. కొండమీద ఇల్లుండుట ఈ వ్యాధికి అడ్డుగోడ కాజాలదు.

పరీక్ష అనగానే గుండె దడదడలాడును. కాని వేలు చాచుట మనకు క్రొత్తదా? జ్వరము వచ్చినచో మలేరియా కొరకు ఆశా కార్యకర్త వేలు గుచ్చి రక్తము తీయుట మన పల్లెలలో చంటిపిల్లకు కూడ తెలియును. 2023లో సికిల్‌సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమము మొదలైన తరువాత గిరిజన గ్రామములలో ఆ పరీక్షకును చేతులు చాచితిమి. హెచ్.ఐ.వి. పరీక్షయు అంతే. వేలి రక్తపు చుక్కతో, అర్ధగంటకు అటుఇటుగా ఫలితము తెలియును. మొదటి పరీక్షలో ఉన్నట్లు కనబడిన మాత్రమున నిర్ణయము చేయరు, వేరువేరు విధములైన మూడు పరీక్షలలో తేలిన తరువాతనే చెప్పుదురు. వ్యాధి సోకిన క్రొత్తలో పరీక్షకు దొరకకపోవచ్చును గనుక, అనుమానము ఉన్నవారు సలహాదారు చెప్పిన గడువుకు మరల రావలెను. ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రములో ఇదంతయు ఉచితము, రహస్యము. దగ్గరి కేంద్రము ఎక్కడ ఉన్నదో 1097 నెంబరుకు ఫోను చేసి అడుగవచ్చును.

మలేరియా వచ్చినవానిని నీవేమి తప్పు చేసితివని ఎవరును అడుగరు. ఇక్కడ మాత్రము మొదటి ప్రశ్న అదియే. ఆ ప్రశ్నకు జడిసియే మనుష్యులు ఆసుపత్రి గడప త్రొక్కరు. గడప త్రొక్కనివారికి ఉచితపు మందు ఉన్నను లేనట్లే. భర్తవలన సోకిన ఇల్లాలు ఏమి జవాబు చెప్పవలెను? తల్లి గర్భమునుండి సోకిన బిడ్డ ఏమి చెప్పవలెను? చికిత్స లేనిచోట నూరుమంది తల్లులలో 15 నుండి 45 మంది బిడ్డలకు ఈ వ్యాధి సోకవచ్చును. గర్భముతో ఉన్నప్పుడే పరీక్ష చేయించుకొని మందులు వాడినచో అది అయిదుగురికంటె తక్కువకు దిగును. కాబట్టి గర్భిణీ స్త్రీలందరును తొలి నెలలలోనే పరీక్ష చేయించుకొనవలెను. క్షయ ఉన్నవారును తప్పక చేయించుకొనవలెను. హెచ్.ఐ.వి. ఉన్నవారి ప్రాణము ఎక్కువగా తీయునది క్షయయే.

మన ప్రాంతములో ఇంకొక కీడున్నది. పడుచువాడు నెలల తరబడి చిక్కి పోవుచున్నచో, రోగము పేరు తెలియక, చిల్లంగి పెట్టినారని ఊరు గుసగుసలాడును. ఆ చూపు పోయి ఎవరో ఒంటరి ముసలిదానిమీదనో, పేదవాని మీదనో పడును. ఆ తరువాత జరుగు ఘోరములు మీకు తెలియనివి కావు. ఒక్క రక్తపు చుక్క రోగమునకు పేరు పెట్టినచో ఆ రోగి ఇల్లును నిలుచును, నింద పడబోవు ఇల్లును నిలుచును.

వ్యాధి ఎట్లు రాదో కూడ స్పష్టముగా చెప్పవలెను. చేయి కలిపినందున రాదు. ఒకే గెడ్డలో నీరు ముంచుకొన్నందున, ఒకే కుండలోని అంబలి త్రాగినందున, దోమ కుట్టినందున రాదు. చేతులు కలిపి థింసా ఆడినందున రాదు. ప్రభు బల్లయొద్ద ఒకే పాత్రలో పుచ్చుకొన్నందున రాదు. వచ్చు మార్గములు నాలుగే: రక్షణ లేని లైంగిక సంబంధము, పరీక్షింపని రక్తము, ఒకరికి వాడిన సూది, తల్లినుండి బిడ్డకు. మందులు క్రమముగా వాడి, రక్తములో వైరసు పరీక్షకు కూడ అందనంతగా తగ్గినవారినుండి వారి భార్యకు గాని భర్తకు గాని లైంగిక సంబంధమువలన సోకదని వైద్యులు నిర్ధారించినారు.

చట్టమును ఈ విషయములో గట్టిగానే ఉన్నది. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టము 2018 సెప్టెంబరు 10న అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఉద్యోగములో, బడిలో, వైద్యములో, అద్దె ఇంటిలో వివక్ష చూపరాదు. మనిషికి తెలిసిన భాషలో సంగతి చెప్పి, అతని సమ్మతి పొందకుండ పరీక్ష చేయరాదు. అతని సంగతి ఇతరులకు వెల్లడి చేయరాదు.

ఇక మన సంఘములు చేయదగిన పనులు చెప్పి ముగించెదము.

మొదటిది, గురువులు, సంఘపెద్దలు ముందుగా పరీక్షకు వెళ్లవలెను. ఫలితము ఎవరికిని చెప్పనక్కరలేదు. వెళ్లినారని తెలిసిన చాలును, వెనుక వచ్చువారికి సిగ్గు తగ్గును.

రెండవది, ఆరాధనలో ప్రార్థన విన్నపములు చదువునప్పుడు వ్యాధి పేరు చదువరాదు. రోగి తానుగా కోరితే తప్ప పేరును చదువరాదు. మంచి మనసుతో చదివిన చీటీయే సంత చేరునప్పటికి చాటింపు అగును.

మూడవది, ప్రార్థన చేసితిమి గనుక మాత్రలు మానుమని ఎవరును చెప్పరాదు. మాత్ర మానినచో అణగియున్న వ్యాధి మరల లేచును, ఆ మందు తరువాత పనిచేయకయు పోవచ్చును. ప్రార్థనయు సాగవలెను, మాత్రయు సాగవలెను.

నాలుగవది, పెండ్లి చేయుటకు సర్టిఫికెట్ తెమ్మని నిర్బంధింపరాదు. వధూవరులు ఇద్దరును కలసి వెళ్లి, సమ్మతితో పరీక్ష చేయించుకొని, ఒకరికొకరు చెప్పుకొనునట్లు ప్రోత్సహించవలెను. వ్యాధి ఉన్నవారు తమ జతవారికి సోకకుండ జాగ్రత్త పడుట వారి బాధ్యత అని మెల్లగా బోధింపవలెను.

అయిదవది, కువి, ఆదివాసీ ఒరియా మాటలాడు మన వారికి తెలుగులో చెప్పిన సలహా సగమే అందును. రెండు భాషలు తెలిసిన, నోరు కట్టుకొనగల సహోదరి యొకరు తోడు వెళ్లుట గొప్ప సేవ. విశాఖ పెద్దాసుపత్రికి మందులకొరకు దిగవలసి వచ్చినవారికి బస్సు ఖర్చు సంఘపు కానుకలనుండి, ఎవరికని లెక్కల పుస్తకములో పేరు వ్రాయకుండ, ఇయ్యవచ్చును.

ప్రపంచ ఎయిడ్స్ దినము డిసెంబరు 1. అది మన ఆగమన కాలము మొదలగు దినములకు అటుఇటుగా వచ్చును. ఆ వారము ప్రతి సంఘములోను ఆరాధన అయిన తరువాత ఐ.సి.టి.సి. సలహాదారును పిలిచి మాట్లాడించుదమని మా మనవి.

సువార్తలో కుష్ఠరోగి ప్రభువునొద్దకు వచ్చినప్పుడు, అతడు శుద్ధుడైన తరువాత కాదు, అంతకు ముందే ప్రభువు చేయి చాపి ముట్టుకొనెను. అతనికి ఆ రోగము ఎట్లు వచ్చెనని అడుగలేదు. మన గుడి మెట్ల మీద నిలిచి లోనికి రానా వద్దా అని సందేహించువారు అట్టి చేతికొరకే చూచుచున్నారు. ఆ చేయి చాచు ధైర్యము ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమెన్.