సూక్ష్మ లోహరేణువుల అయస్కాంత ధర్మము

అయస్కాంతపు కడ్డీని రెండు ముక్కలు చేసినను, ప్రతి ముక్కకును ఉత్తర దక్షిణ ధ్రువములు రెండును ఉండునని బడిపిల్లలును ఎరుగుదురు. ఆ ముక్కలను ఇంకను చిన్నవి చేయుచు పోయినచో ఏమగును? మిల్లీమీటరును 10 లక్షల భాగములు చేయగా అందొక భాగమునకు నానోమీటరని పేరు. అట్టివి నాలుగైదు మాత్రమే అడ్డుకొలతగా గల లోహరేణువు వద్దకు వచ్చుసరికి కడ్డీ న్యాయములు తడబడును.

అందుకు ముఖ్య కారణము ఉపరితలము. 13 పరమాణువుల ముద్దలో లోపలిది ఒక్కటే. తక్కిన 12 బయటివే. పైన మరియొక పొర కప్పినచో 55 అగును. వానిలోను 42 బయటనే యుండును. ఇంటిలోనివారికంటె అరుగుమీదివారే ఎక్కువ యన్నమాట! బయటి పరమాణువునకు ఇరుగుపొరుగు తక్కువ. కనుక దాని ఎలక్ట్రానులు పొరుగువానితో అంతగా కలిసిపోక, తమ అయస్కాంత బలమును నిలుపుకొనును. ఇనుపకడ్డీలో ఒక్కొక్క పరమాణువు బలము, బోర్ మాగ్నెటానుల కొలతలో, 2.2. నూరు పరమాణువులకు లోపలి ఇనుపముద్దలలో అది సుమారు 3 అని 1994లో లోసాన్ నగర శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. రోడియము కథ ఇంకను వింత. కడ్డీగా నున్నప్పుడు అయస్కాంతము కాని ఆ లోహము, కొలది పరమాణువుల ముద్దయైనప్పుడు అయస్కాంతమగుట 1993లో వర్జీనియా విశ్వవిద్యాలయమున బయటపడినది.

బలము పెరిగినది, సరే, నిలకడ మాటయో? రేణువు దిశ మారకుండ అడ్డుపడు శక్తి దాని ఘనపరిమాణము ననుసరించి యుండును. వేడిమి దానిని ఎడతెగక కుదుపుచుండును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ నీల్ 1949లో చెప్పిన సూత్రముతో లెక్కింపగా, ఏడేండ్లపాటు దిశ తప్పని రేణువు, అడ్డుకొలత సగమైనచో, సెకనులో పదిలక్షలవ వంతుసేపైనను నిలువజాలదు. పాటనో, పద్దులనో అయస్కాంత రేణువులపై వ్రాసి దాచువారికి ఇది చిన్న చిక్కు కాదు. రేణువు చిన్నదైనకొలది ఎక్కువ విషయము పట్టును. మరీ చిన్నదైనచో వ్రాసినది తనంతట చెరిగిపోవును.

ఇచ్చటను ఆదుకొన్నది ఉపరితలమే. లోహముపై పట్టు ఆక్సైడు పొరను చెరుపుగానే తలచుట మన వాడుక. కాని కోబాల్టు రేణువులపై దాని ఆక్సైడు పొర యున్నప్పుడు, అయస్కాంత క్షేత్రమున చల్లార్చినచో, ఆ పొర లోపలి లోహపు దిశను పట్టియుంచునని 1956లో మైకిల్‌జాన్, బీన్ అనువారు చూపిరి. 2003లో ప్రకటితమైన ప్రయోగమున, సుమారు 4 నానోమీటర్ల కోబాల్టు రేణువులు అల్యూమినా నడుమ నున్నప్పుడు సున్నకు దిగువ 263 డిగ్రీల సెంటీగ్రేడు దాపుననే దిశ కోల్పోయినవి. కోబాల్టు ఆక్సైడు నడుమ నుంచగా, సున్నకు ఎగువ 17 డిగ్రీల దాపు వరకు నిలిచినవి.

అయితే 20 డిగ్రీలు వచ్చుసరికి ఆ ఆక్సైడులోని కట్టుబాటే సడలిపోవును. చలిదేశపు గదిలో నిలుచు ఆ పట్టు మన వైశాఖపు మధ్యాహ్నమునకు ఆగదు. నికెలు ఆక్సైడు 250 డిగ్రీల వరకు ఓర్చును గాని, దాని పట్టు అంత గట్టిది కాదు.